కొత్తింటి వాసన పోయేదాకా



మనవాళ్లు ఇల్లు కట్టుకున్నా, ఫ్లాటు కొనుక్కున్నా ముందు ముహూర్తం పెట్టించుకుంటారు. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పనులన్నీ ఉరుకులు పరుగుల మీద సాగుతాయి. శ్రావణంలో గృహప్రవేశమంటే ఆషాఢం ఆఖరి వారందాకా వడ్రంగులు అల్మరాలకు సన్‌మైకా అతికిస్తూనే ఉంటారు. పూజగది తలుపుకు ఆఖరి పూత పాలిష్ ముందురోజు రాత్రి పడుతుంది. తెల్లవారుజామున పాలు పొంగిస్తారు, సత్యనారాయణ వ్రతం చేసుకుంటారు, చుట్టాలకు భోజనాలు పెడతారు. ఆ రాత్రి కొత్తింట్లో నిద్ర చేయాలి గనక పసిపిల్లలతో సహా అక్కడే పడుకుంటారు. దోమలొస్తాయని కిటికీలు మూసి ఏసీ వేసుకుంటారు.

ఆ గదిలోకి అడుగు పెట్టగానే ముక్కుకు తగిలే ఘాటును కొత్తింటి వాసన అని మురిపెంగా చెప్పుకుంటాం. అది రంగులోంచీ, జిగురులోంచీ, వార్నిష్‌లోంచీ ఆవిరై వస్తున్న రసాయనం. ఒకసారి గాల్లో కలిశాక అది మన ఊపిరితిత్తుల్లోకైనా వెళ్లాలి, కిటికీలోంచి వీధిలోకైనా వెళ్లాలి. రెండో దారి మనం తెరిచి పెట్టకపోతే మొదటి దారే మిగులుతుంది. ఈ పూట నేను చెప్పాలనుకున్నదంతా ఆ రెండో దారి గురించే.

రంగుల సంగతి ముందు చెబుతాను, అది కాస్త తేలిక. గోడలకు వేసే ఎమల్షన్ రంగులు నీళ్లతో కలిపేవి. వాటి వాసన చాలావరకు కొన్నాళ్లలోనే పోతుంది. తలుపులకూ కిటికీ చువ్వలకూ వేసే ఎనామెల్, చెక్కకు కొట్టే మెలమైన్ పాలిష్ ఘాటైనవి. వాటిలో థిన్నర్ ఉంటుంది, అంటే టర్పెంటైను, టోలీన్ లాంటి ద్రావకాలు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం ఎక్కువగా వీటివల్లే. డబ్బా మీద తక్కువ వీఓసీ అని, అంటే గాల్లోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువని, ఉన్న రంగు ఎంచుకుంటే బాధ తగ్గుతుంది. గాలి బాగా ఆడితే ఈ ద్రావకాలు రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో వెళ్లిపోతాయి.

చెక్క సామాను అలా వదలదు. ఇవాళ మన ఇళ్లలో టేకు వీధి తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలి అల్మరాలు, మంచాలు, వంటింటి అరలు, టీవీ వెనక అలంకారం అన్నీ ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్. ప్లైవుడ్ పలచటి చెక్క పొరల్ని జిగురుతో అంటించి నొక్కినది. పార్టికల్ బోర్డును చెక్క పొట్టుతోనూ, ఎండీఎఫ్‌ను చెక్క నారతోనూ జిగురు కలిపి వేడి మీద నొక్కి చేస్తారు. ఆ జిగురు చాలావరకు యూరియా ఫార్మాల్డిహైడ్. చవక, పట్టు గట్టిది. అయితే వేడి తగిలినా తేమ తగిలినా అది కొద్దికొద్దిగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. మొదటి నెలల్లో ఎక్కువగా, తర్వాత సన్నగా, ఒక్కోసారి ఏళ్ల తరబడి. కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో సీసాల్లో కప్పల్నీ పాముల్నీ ఫార్మలిన్‌లో నిలవ ఉంచుతారు చూశారా, ఆ ఫార్మలిన్ ఈ వాయువును నీళ్లలో కరిగించినదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంటి గాలిలో ఇది అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో హద్దు పెట్టింది. మిల్లీగ్రాములో పదో వంతు. అంత కొంచెం దగ్గరే ఆపమన్నారు.

మీ కొత్త అల్మరా తలుపు తెరిచి, అడుగు అర కిందికి చెయ్యి పోనిచ్చి తడిమి చూడండి. పైన నున్నగా సన్‌మైకా ఉంటుంది. కింద గరుగ్గా ఉండి వేళ్లకు పొట్టు అంటుకుంటుంది. గోడను ఆనుకున్న వెనక చెక్క, కబ్జాలు బిగించడానికి తొలిచిన గుంటలు, వైర్ల కోసం వేసిన రంధ్రాలు, సొరుగుల అడుగులు, సింకు కింద పైపు కోసం కోసిన చోటు, ఇవన్నీ పచ్చిగా వదిలేసి ఉంటాయి. వాయువు జోరుగా వచ్చేది ఆ పచ్చి అంచుల్లోంచే. లక్షలు పోసి చేయించుకున్న పనిలో కంటికి కనిపించే వైపు మాత్రమే మూసి, ఊపిరికి తగిలే వైపు వదిలేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. వడ్రంగి సామాను సర్దుకోకముందే అడగండి. అంచులన్నిటికీ ఎడ్జ్ బ్యాండ్ వేయమనండి. అరల లోపలి వైపుకూ అడుగుకూ పలచటిదైనా లామినేట్ అంటించమనండి. రంధ్రాలకూ గుంటలకూ నీళ్లతో కలిపే సీలర్ పూయమనండి. దీనికి అయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్నది. ఇంకా బోర్డు కొనకముందే అయితే ఈ-జీరోనా, ఈ-వన్నా అని షాపులో అడగండి. ఈ వాయువును ఎంత తక్కువగా వదులుతుందో చెప్పే గ్రేడు అది. జీరో అయితే ఇంకా మేలు.

పని అయిపోయింది, బోర్డు ఏదో ఒకటి వాడేశారు, ఇప్పుడేం చేయాలి? అల్మరాలు ఖాళీగా ఉన్నప్పుడే తలుపులన్నీ బార్లా తెరిచి, సొరుగులు పూర్తిగా బయటికి లాగి పెట్టండి. మూసి ఉంచితే వాయువు లోపలే పోగవుతుంది, బట్టలు దాన్ని పట్టుకుంటాయి, ఆ బట్టల్నే పిల్లలకు తొడుగుతాం. తడిబట్ట ఆరడానికి ఎండా గాలీ రెండూ ఎలా కావాలో చెక్కకూ అంతే. ఎండాకాలంలో కిటికీలు తెరిచి ఉంచిన ఇంట్లో ఈ వాయువు తొందరగా వెళ్లిపోతుంది. చలికాలంలో పూర్తయిన ఇంట్లో వాసన పోయిందనుకుంటాం, ఏప్రిల్ ఎండలకు మళ్లీ మొదలవుతుంది. వానాకాలం ముసురుకు కూడా మళ్లీ లేస్తుంది. అది కొత్తగా వచ్చింది కాదు, లోపల మిగిలి ఉన్నది. వీలైతే గృహప్రవేశం ముహూర్తానికే చేసుకుని, సామానుతో దిగడం మాత్రం కొన్ని వారాలు ఆపండి. పాలు పొంగించడానికి తిథి కావాలి. కాపురం పెట్టడానికి గాలి కావాలి. ఇంట్లో గర్భిణీ ఉన్నా, ఏడాది లోపు పాపాయి ఉన్నా, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లున్నా ఈ ఆగడం తప్పనిసరి అనే నేనంటాను.

ఇక గాలి సంగతి. చాలామంది పొరపడేది ఇక్కడే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ మన మీదికే వదులుతుంది. బయట గోడకు ఉన్న డబ్బా వేడిని మాత్రమే బయట పడేస్తుంది. అంటే మూసిన గదిలో రాత్రంతా ఏసీ వేసుకుంటే రసాయనాలూ, మనం వదిలిన ఊపిరీ అక్కడక్కడే తిరుగుతాయి. సీలింగ్ ఫ్యానూ అంతే, కలియబెడుతుంది గానీ మార్చదు. పాత పెంకుటిళ్లలో పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. మండువా లోగిళ్లలో నడిమధ్య ఆకాశమే కనిపించేది. మిద్దె ఇళ్లలోనూ తలుపు మీద వెంటిలేటరు ఉండేది. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ వచ్చి ఆ వెంటిలేటర్లను మింగేసింది. వాటిని ఎందుకు పెట్టేవాళ్లో కూడా మర్చిపోయాం.

గాలి మారాలంటే వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలి. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరవండి. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యానును బయటికి తిప్పి పెట్టండి, లోపలి గాలిని నెట్టేసేలా. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి తలుపులన్నీ బిగించేస్తే దానికి లాగడానికి గాలే ఉండదు. ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉంచితేనే అది పనిచేస్తుంది. వంటింటి చిమ్నీ గొట్టం గోడ దాటి బయటికి పోతోందో లేదో ఒకసారి చూసుకోండి. గొట్టం లేని చిమ్నీలు నూనె జిడ్డును పట్టుకుని, మిగతా గాలిని వంటింట్లోకే తిరిగి వదులుతాయి.

ఏ వేళప్పుడు తెరవాలన్నదీ ఆలోచించాలి. శీతాకాలం తెల్లవారుజామున నేలకు దగ్గరగా చల్లగాలి కదలకుండా ఉంటుంది. దాని మీద వెచ్చటి పొర ఉండి పొగనూ దుమ్మునూ పైకి పోనివ్వదు. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల రోడ్డు పక్క ఇళ్లవాళ్లు ఆ వేళ కిటికీలు తెరిస్తే ఇంట్లో ఉన్నదానికి వాహనాల పొగ తోడవుతుంది. ఎండ ఎక్కాక, పదకొండు గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకా తెరవడం మంచిది. సాయంత్రం దోమల భయమంటారా, ఏ పరికరం కొనకముందే కిటికీలన్నిటికీ మెష్ బిగించుకోండి. మెష్ ఉన్న ఇంట్లో కిటికీ తెరిచే ఉంటుంది.

వాసనను కప్పిపుచ్చే పనులు మాత్రం దయచేసి మానండి. ఉల్లిపాయ ముక్కలు నీళ్లలో వేసి గది మధ్యలో పెడతారు. కాసేపటికి ఉల్లి వాసనే ముక్కుకు తెలుస్తుంది, రసాయనం మాత్రం అక్కడే ఉంటుంది. అగరుబత్తి వెలిగిస్తే పొగ జతవుతుంది. రూమ్ ఫ్రెషనర్ చల్లితే ఇంకో రసాయనం జతవుతుంది. నిమ్మ, నారింజ పరిమళాలిచ్చే లిమోనీన్ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిస్తే మళ్లీ ఫార్మాల్డిహైడే పుడుతుంది. మొక్కల సంగతీ చెప్పాలి. 1989లో నాసా చేసిన పరీక్షల ఆధారంగా మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు గాలిని శుభ్రం చేస్తాయని ఇంటింటా నమ్ముతున్నారు. ఆ పరీక్షలు చేసింది బిగించిన చిన్న పెట్టెల్లో. అలాంటి పరీక్షలన్నిటినీ 2019లో తిరిగి లెక్క కట్టినవాళ్లు, మామూలుగా ఇంట్లో ఆడే గాలితో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకు కనీసం 10 మొక్కలుండాలని తేల్చారు. మొక్కలు కంటికి చలవ, పెంచండి. కిటికీ పని వాటికి అప్పగించకండి.

ఇంకో సంగతి, మన ముక్కును మరీ నమ్మకూడదు. ఏ వాసనకైనా అది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, తలుపు తీసిన పక్కింటావిడకు ఠక్కున తెలుస్తుంది. కాసేపు బయట తిరిగొచ్చి గడపలో నిలబడి పీల్చి చూడండి. దానికన్నా గట్టి గుర్తు మన ఒంట్లోనే ఉంది. ఇంట్లో ఉంటే కళ్లు మంట, గొంతు గరగర, తలనొప్పి. ఊరెళ్తే తగ్గిపోతాయి. తిరిగొస్తే మళ్లీ మొదలు. ఇలా ఉంటే డాక్టరుకు మీ బాధతో పాటు ఇంట్లో కొత్తగా ఏం చేయించారో కూడా చెప్పండి. మగవాళ్లు పొద్దున్నే ఆఫీసుకెళ్లిపోతే రోజంతా ఆ గాలి పీల్చేది ఇంట్లో ఉన్న ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. వాళ్లు తలనొప్పి అంటే చాదస్తమని కొట్టిపారేయకండి.

వాసన మన ఇంట్లో పుట్టకుండా బయటి నుంచి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది మనం మర్చిపోకూడదు. లాక్‌డౌన్ రోజుల్లో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో నిలవ ఉన్న స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి ఆవిరై ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. అలాంటి వేళ కిటికీలు తెరవకూడదు. గాలి వీస్తున్న దారికి అడ్డంగా నడిచి, మెరక వైపు వెళ్లిపోవాలి. అధికారులు రమ్మన్నాక తిరిగొస్తే ముందు తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచి, మూతలు లేకుండా ఉండిపోయిన తిండినీ నీళ్లనూ పారబోసి, పరుపు దుప్పట్లూ పరదాలూ ఉతికి ఆరేసి, ఆ తర్వాతే పిల్లల్ని లోపలికి తీసుకురావాలి.

అంత పెద్ద ప్రమాదం కాకపోయినా రోజూ ఎంతో కొంత భరిస్తున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల చుట్టుపక్కల కాలనీలవాళ్లు రాత్రిళ్లు వచ్చే ఘాటు వాసనల మీద ఏళ్లుగా ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. వాళ్లు రాత్రి కిటికీలు మూసుకోక తప్పదు. అలాంటి ఇళ్లలోనే ఎయిర్ ప్యూరిఫయరుకు అర్థముంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి, హెపా ఫిల్టరు దుమ్మునూ పొగ రేణువుల్నీ పట్టుకుంటుంది, వాయువుల్ని పట్టుకోదు. వాయువులకు యాక్టివేటెడ్ కార్బన్ ఉండాలి, అదీ పేరుకు పలచటి పొర కాకుండా దండిగా. అది నిండిపోయాక మార్చాలి. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి వెళ్లొద్దు, ఓజోన్ కూడా ఊపిరితిత్తులకు చెరుపే. ఇక ఫిర్యాదు సంగతి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎలాంటి వాసన, గాలి ఎటునుంచి అన్నది కాలనీవాళ్లంతా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. కాలుష్య నియంత్రణ మండలికి పది ఇళ్లవాళ్లు కలిసి ఆ పుస్తకంతో వెళ్తే కాదనడం కష్టం.

మనంతట మనం వెలిగించే పొగలకు వద్దాం. మూసిన గదిలో ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఇంట్లో సిగరెట్ కాల్చనివ్వని తండ్రి కూడా పిల్లల మంచం కింద దోమల చుట్ట వెలిగించి తలుపేస్తాడు. దోమతెరను మించినది ఇంకా రాలేదు. దోమల అగరుబత్తులనీ, ఇంకోటనీ సంతల్లో అమ్ముతుంటారు. 1968 నాటి చట్టం ప్రకారం పురుగుల మందు ఏదైనా రిజిస్టర్ అయి ఉండాలి. ప్యాకెట్ మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే కొనకండి.

బాలింత గది గురించి అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఒక మాట. పాపాయికి నీళ్లు పోశాక సాంబ్రాణి ధూపం వేయడం మన ఇళ్లలో ఎంత ప్రేమగా చేసే పనో నాకు తెలుసు. కుంపట్లో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు. చలిగాలి తగలకూడదని తలుపులు మూసి, వాటి సందుల్లో పాత బట్టలు కుక్కుతారు. ఆ పాపాయి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. బరువును బట్టి చూస్తే పెద్దవాళ్లకన్నా పసిపిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. పొగ ఒక్కటే అయితే దగ్గుతో తెలుస్తుంది. మూసిన గదిలో బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా లేవు. ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తల్లీ బిడ్డా నిద్రలోనే స్పృహ తప్పుతారు. జుట్టు ఆరాలంటే పొడి తువ్వాలుతో అద్దండి, ఎండ పొడ తగిలే చోట కాసేపు కూర్చోబెట్టండి. కుంపటిని గదిలోకి మాత్రం తేకండి. వేడినీళ్ల గ్యాస్ గీజరునూ ఇలాగే బాత్రూము బయట పెట్టించాలి. చలికని బాత్రూము వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టిన ఇళ్లలో ప్రాణాలు పోయాయి.

బీరువాలో పట్టుచీరల మధ్య వేసే కలరా ఉండలు నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు ఆ బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. పిల్లల బట్టల్లో వాటిని వేయనే వద్దు. చెదమందు కొట్టించిన ఇంటికి కనీసం కొన్నాళ్లు గర్భిణులూ పిల్లలూ దూరంగా ఉండాలి. వాసన లేని మందు వచ్చిందంటారు, వాసన లేకపోతే విషం లేదని కాదు. బాత్రూము కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపి వాడకండి, ఒకదాని తర్వాత ఒకటి కూడా వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. పొరపాటున కలిస్తే నీళ్లు పోయడానికి కూడా ఆగకుండా బయటికి వచ్చి, తలుపు తెరిచి వదిలేయండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇది విడమరిచి చెప్పండి, ఆ పొగ ముందు తగిలేది ఆమెకే.

ఆఖరుగా వంటగ్యాసు. దానికి సహజంగా వాసన లేదు, లీకైతే మనకు తెలియాలని మెర్కాప్టన్ అనే కుళ్లు వాసన పదార్థం కలుపుతారు. ఆ వాసన వచ్చిందంటే స్విచ్ వేయకండి, వేసి ఉన్నది తీయకండి, ఎగ్జాస్ట్ ఫ్యానూ వద్దు. రెగ్యులేటరు కట్టేసి, గ్యాసు గాలికన్నా బరువు గనక నేల దాకా ఉండే తలుపులు ముందు తెరిచి, ఇంట్లో అందరూ బయటికి రండి. రాత్రీ పగలూ పలికే అత్యవసర నంబరు 1906. ఆ ఫోను కూడా గుమ్మం దాటి దూరంగా వచ్చాకే చేయండి.